జైలు బంకు రివ్యూ: డీజిల్ కొలత పర్ఫెక్ట్, మిగతా సంగతి కొంచెం పొడుగు

రేటింగ్ 5కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కిందికెళ్లాక చెప్తా, పెట్రోల్ గన్ పట్టుకుని నిలబడేవాళ్ల వల్ల మాత్రం కాదు.

నాకు చిన్న వాటర్ ప్లాంట్ ఉంది, ఇరవై లీటర్ల క్యాన్లు వేసే ట్రాలీ ఆటోలు తిరుగుతుంటాయి, అన్నీ డీజిల్ బండ్లే. కాబట్టి బంకుల గురించి రాసే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటా. వారానికోసారి స్కూటీలో రెండొందలకు కొట్టించుకునేవాళ్లకి లీటరుకి పది మిల్లీ తగ్గినా తెలీదు, మాకు నెలాఖరుకి అది లెక్కలో కనపడుద్ది. డ్రైవర్ని అనుమానించాలా, బండిని మెకానిక్ దగ్గరికి పంపాలా, బంకుని మార్చాలా అని తల పట్టుకుంటాం. నేను బంకు మార్చా, అలా మార్చి మార్చి చివరికి ఇక్కడ ఆగా.

జైలు బంకు అంటే తెలియనివాళ్ల కోసం. తెలంగాణ జైళ్ల శాఖ కొన్ని పెట్రోల్ బంకులు నడుపుతుంది, బోర్డు ఇండియన్ ఆయిల్‌దే ఉంటుంది, రంగులూ యూనిఫామూ మామూలు బంకులాగే ఉంటాయి, కానీ అక్కడ పనిచేసేది సత్ప్రవర్తన మీద బయట పనికి ఎంపికైన ఖైదీలు, ఇంకా శిక్ష అయిపోయి విడుదలైనవాళ్లు. చంచల్‌గూడ దగ్గరుంది, చర్లపల్లి దగ్గరుంది, జిల్లాల్లో కూడా ఉన్నాయి, అటు ఏపీలో రాజమండ్రి, విశాఖ సెంట్రల్ జైళ్లకి కూడా ఉన్నాయి. నేను పోయే బంకు ఏదో ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దున్నే ఎవడో ఒకడు ఫోన్ పట్టుకుని వీడియో తీయడానికి దిగుతాడు, ఆ బాధ కూడా ఉంది, దాని దగ్గరికి వస్తా.

ముందు కొలత. ఏ బంకులోనైనా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల డబ్బా ఒకటి ఉండాలి, కస్టమర్ అడిగితే దాంట్లో కొట్టి చూపించాలి, 5 లీటర్లకి 25 మిల్లీ వరకే అటూ ఇటూ ఒప్పుకుంటారు. ఇది మన హక్కు, కానీ ఎంతమంది అడుగుతాం చెప్పండి, వెనక హారన్లు కొడుతుంటే మనకే సిగ్గేస్తుంది. వేరే బంకుల్లో నేను అడిగితే మేనేజర్ లేడు, డబ్బా లోపలుంది, తాళం లేదు, సాయంత్రం రండి అని రకరకాలుగా చెప్పారు. ఇక్కడ అడిగితే ఒకాయన మాట్లాడకుండా పోయి తెచ్చి, దుమ్ము తుడిచి, కొట్టి చూపించాడు, గీత దగ్గర నిలబడింది. మళ్లీ మనకి అనుమానం రాకుండా ఆ డీజిల్ ఎక్కడ పోస్తున్నాడో కూడా చూపించాడు. నా బండ్ల మైలేజీ పుస్తకంలో కూడా తేడా కనపడింది, డ్రైవర్లకి కూడా అర్థమైంది, ఇప్పుడు వాళ్లే దారి మళ్లించుకుని ఇక్కడికి వస్తున్నారు. ఎందుకింత కరెక్ట్‌గా ఉంటుందంటే నాకు తోచింది చెప్తా. ప్రైవేట్ డీలర్ బంకులో కొలత కొట్టేస్తే ఆ మిగులు తినడానికి ఒక ఓనర్ ఉంటాడు, ఇక్కడ ఆ ఓనర్ లేడు. ఇక శిక్షలో ఉన్నవాడికైతే ఒక్క కంప్లయింట్ వస్తే బయట పని పోయి మళ్లీ బ్యారక్, పైగా రెమిషన్ రోజులు, అంటే శిక్షలో తగ్గించే రోజులు, పోతాయనే భయం. ఆ భయం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ, నా ట్యాంకు వరకు మాత్రం లాభం.

సర్వీసు కూడా బాగుంటుంది. 'జీరో చూసుకోండన్నా' అని ప్రతిసారీ అంటారు, మనం ఫోన్లో ఉన్నా ఆగి, చూసేదాకా గన్ నొక్కరు. చిల్లర కరెక్ట్‌గా ఇస్తారు, రూపాయి కూడా. నోట్లు తడిసిపోయినా చిరిగినా విసుక్కోరు. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా మాత్రం లైను రోడ్డు మీదకి వస్తుంది, కొలత బాగుందని ఆటోవాళ్లందరికీ తెలిసిపోయింది కదా. కొత్తవాళ్లు డ్యూటీలో ఉంటే కొంచెం నెమ్మది, కార్డు మిషన్ దగ్గర తడబడతారు, ఒకాయన స్క్రీన్ మీద వేలితో గట్టిగా పొడుస్తుంటే పక్కవాడు 'మెల్లగా మామా, అది డోర్‌బెల్ కాదు' అంటే లైన్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు.

పక్కనే చిన్న షాపు ఉంది, జైళ్లలో తయారుచేసినవి 'మై నేషన్' అనే పేరు మీద అమ్ముతారు. ఫినాయిల్, సబ్బులు, దుప్పట్లు, టవళ్లు, ఇంకా బేకరీ సరుకులు ఉన్నప్పుడు ఉంటాయి. ఫినాయిల్ మా ప్లాంట్‌కి ఇక్కడే తీసుకుంటా, చిక్కగా ఉంటుంది, వాసన రెండు రోజులు వదలదు, మా ఆవిడకి నచ్చదు కానీ ప్లాంట్‌కి బెస్ట్. బిస్కెట్లు ఒకసారి బాగుంటాయి, ఒకసారి ఎక్కువ కాల్చినట్టు ఉంటాయి. చెక్క కుర్చీ ఒకటి తీసుకున్నా, బరువు మామూలుగా లేదు, మా మనవడి తరం దాకా ఉంటుందేమో. ఒకప్పుడు వరంగల్ జైలు జంపఖానాలంటే పేరు, పెళ్లిళ్లకి ఆర్డర్ ఇచ్చి నేయించుకునేవాళ్లు మా మేనమామ వాళ్లు. ఆ జైలే ఇప్పుడు లేదు, 2021లో కూల్చేసి ఆ స్థలం పెద్దాసుపత్రికి ఇచ్చారు. షాపుకి విడిగా స్టార్ ఇవ్వమంటే మూడున్నర.

ఇక ఆన్‌లైన్లో ఇలాంటి బంకుల మీద జనం రాసేవి చూస్తుంటే ఒళ్లు మండుద్ది. 'జాగ్రత్త, ఇక్కడ నేరస్తులు పనిచేస్తారు, కార్డు ఇవ్వకండి' అని ఒకాయన. 'ఫ్యామిలీతో వెళ్లకండి' అని ఇంకొకాయన. బాబూ, మీరు కార్డు ఇచ్చే మిగతా ప్రతి చోటా అవతలివాడి చరిత్ర కనుక్కునే ఇస్తున్నారా? ఇక్కడ ఒక్కచోటే మీకు ముందుగా తెలుసు, పైగా ఇక్కడ చుట్టూ సూపర్‌వైజర్లు, కెమెరాలు, జైలు గోడ. ఇంకో రకం జనం ఉన్నారు, రీల్స్ బ్యాచ్. నా కళ్లముందే ఒక కుర్రాడు బైక్ మీద కూర్చుని, పెట్రోల్ కొడుతున్న ఆయన మొహం మీదికి ఫోన్ పెట్టి 'అన్నా మీరు ఎంతమందిని వేసేశారు' అని అడిగాడు. బంకులో ఫోన్ వాడకూడదన్న బోర్డు వాడి నెత్తి మీదే ఉంది. ఆయన ఏమీ అనలేదు, 'జీరో చూసుకోండి' అన్నాడంతే. ఆయనకి ఒక కూతురు ఉంది, పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, అవతలివాళ్లకి నాన్న హైదరాబాద్‌లో బంకులో పని అని చెప్పారు, అది అబద్ధం కూడా కాదు. ఆ వీడియో బయటికొస్తే ఏమవుద్దో ఆ బైక్ కుర్రాడికి తెలీదు, తెలిసినా పట్టించుకుంటాడని నాకు నమ్మకం లేదు.

రోజూ పోతే మాటలు కలుస్తాయి కదా. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, లైఫ్, అంటే జీవిత ఖైదు పడి, పదిహేనేళ్లు చేసి, 2024లో బయటికొచ్చాడు. ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం క్షమాభిక్ష మీద 213 మందిని వదిలింది, పేపర్లో వచ్చింది, కొందరికి ఇలా బంకుల్లో పని కూడా చూపించారు. ఇక్కడ ఒకటి చెప్పాలి, మనలో చాలామంది జీవిత ఖైదు అంటే 14 ఏళ్లు అనుకుంటారు, పగలు ఒక రోజు రాత్రి ఒక రోజు లెక్కేస్తారని కూడా అంటారు, అదంతా ఉత్తిదే. జీవిత ఖైదు అంటే బతికున్నంత కాలం. హత్య లాంటి కేసుల్లో మామూలుగా 14 ఏళ్లు నిండితేనే ప్రభుత్వం వదలాలా వద్దా అని ఆలోచించడానికైనా వీలు, నిండగానే వదిలేస్తారని కాదు. ఈ పెద్దాయన లోపలికి పోయినప్పుడు ఉన్నది ఆంధ్రప్రదేశ్, బయటికొచ్చింది తెలంగాణలోకి. ఊరు వరంగల్ జిల్లా అనుకుని పోతే అది మహబూబాబాద్ జిల్లా అయింది. పెట్టిన జైలు కూల్చేశారు, చర్లపల్లికి మార్చారు. దాచుకున్న పాత వెయ్యి నోటు చెల్లదు, అది పోయాక వచ్చిన రెండువేల నోటుని ఆయన చూడకముందే వెనక్కి తీసుకున్నారు. విడుదలయ్యాక మెట్రో ఎక్కడానికి పోతే టోకెన్ గేటు దగ్గర ఎలా తెరుచుకుంటుందో తెలీక పక్కకి నిలబడి పదిమంది ఎలా పోతున్నారో చూశాడంట. ఇవన్నీ నవ్వుతూ చెప్తాడు. బంకులో అందరికంటే ముందు యూపీఐ సౌండ్ బాక్స్‌ని నమ్మింది కూడా ఆయనే, అది అబద్ధం చెప్పదు బిడ్డా అంటాడు.

నవ్వకుండా చెప్పేది కాగితాల సంగతి. ఆధార్ అనేదే మన దేశంలో 2010లో మొదలైంది, ఆయన 2009లో లోపలికి పోయాడు. బ్యాంకు ఖాతా రెండేళ్లు లావాదేవీ లేకపోతే పక్కన పెట్టేస్తారు, మళ్లీ తెరవాలంటే కేవైసీ, కేవైసీకి అడ్రస్ ప్రూఫ్, అడ్రస్ ప్రూఫ్‌కి ఇల్లు, ఇల్లు కావాలంటే అడ్వాన్స్, అడ్వాన్స్‌కి డబ్బు, ఆ డబ్బు పడాల్సింది ఆ బ్యాంకులో. రేషన్ కార్డులో పేరు ఇంట్లోవాళ్లే తీయించేశారు, వాళ్ల తప్పు కాదు, వేలిముద్ర వేయాల్సిన మనిషి లేకపోతే డీలర్ ఊరుకోడు. అన్నిటికంటే పెద్దది భూమి. ఇది తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకి బాగా తెలుస్తుంది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన అని ఊరూరా తిరిగి సర్వే నంబర్లు సరిచేసి కొత్త పాస్‌బుక్కులు ఇచ్చారు, ఆ తర్వాత 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం వచ్చింది, 2020లో ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చింది. ఆ టైంలో ఊళ్లో ఉన్నవాడి పేరు ఎక్కింది, లేనివాడి పేరు ఎక్కలేదు. గల్ఫ్‌కి పోయినవాళ్లకే ఇబ్బంది అయింది, వాళ్లకైతే ఫోన్ చేసి చెప్పడానికి మనిషుంటాడు. ఈయన వాటా ఎకరంన్నర తమ్ముడి పాస్‌బుక్‌లో కలిసిపోయింది. తమ్ముడు దొంగ కాదు, లాయర్ ఫీజులు ఆయనే కట్టాడు, అమ్మని ఆయనే చూశాడు, అమ్మ చచ్చిపోతే ఆయనే కొరివి పెట్టాడు. 'ఇప్పుడు పోయి నా ఎకరంన్నర నాకియ్యి అని ఏ మొహంతో అడగను' అంటాడు పెద్దాయన. నాకు జవాబు తట్టలేదు.

ఊళ్లో ఉండకపోవడానికి ఇంకో కారణం కూడా చెప్పాడు. ఆయన కేసులో చనిపోయినవాళ్ల ఇల్లు వీళ్లింటికి రెండు సందుల అవతలే. వాళ్లకి రోజూ నన్ను చూడాల్సిన ఖర్మ ఎందుకు అన్నాడు. నేనైతే ఆ మాట అక్కడితో వదిలేశా, అందులో మనం దూరి తీర్పు చెప్పేది ఏమీ లేదు.

ఇక నా సొంత అనుభవం. ఇదే బంకులో పనిచేసే ఒక కుర్రాడు, కుర్రాడంటే ముప్ఫై ఐదు ఉంటాయి, శిక్ష పూర్తిచేసి వచ్చినవాడు, 'అన్నా నేను పాత డ్రైవర్ని, మీ దగ్గర ఏమన్నా ఉంటే చూడండి' అన్నాడు. ఏం కేసు అని అడిగా, ఉద్యోగం ఇచ్చేవాడిగా అడగాలి కదా, చెప్పాడు, దాచలేదు, అది ఇక్కడ రాయను. సరే రమ్మన్నా. రమ్మన్నాక తెలిసింది లైసెన్స్ గడువు లోపల ఉండగానే అయిపోయిందని. గడువు దాటి ఏడాది అయితే రెన్యువల్ ఊరికే అవదు, మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ పెడతారు, 2019లో చట్టం మార్చినప్పటి నుంచి అంతే. లారీ తోలినవాడు పోయి కాలేజీ పిల్లల వెనక లైన్లో నిలబడి టెస్ట్ ఇచ్చాడు. అది అయ్యేదాకా క్యాన్లు ఎత్తే పని ఇచ్చా. ఇక్కడ ఇంకో చిక్కు. ఇప్పుడు పెద్ద అపార్ట్‌మెంట్లలో పాలవాడు, పనిమనిషి, వాటర్ క్యాన్ అబ్బాయి, అందరికీ యాప్‌లో ఎంట్రీ, దానికి ఫోటో, ఆధార్, కొన్నిచోట్ల పోలీస్ వెరిఫికేషన్ కాగితం. ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీకి నేనే పోయి ఉన్నదున్నట్టు చెప్పా, మనిషి గ్యారంటీ నాది అన్నా. ఆయన మర్యాదగానే టీ ఇప్పించి, 'మీరు మంచోరు, అతను కూడా మంచోడే అయ్యుంటాడు, కానీ రేపు బ్లాక్‌లో ఎవరి చెప్పులు పోయినా అందరూ నన్నే అడుగుతారండి' అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు, అదే కష్టం. దాంతో ఆ కుర్రాడిని హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, ఫంక్షన్ హాళ్ల రూట్‌కి మార్చా, వాళ్లకి క్యాన్ టైంకి వస్తే చాలు, ఎత్తినోడి జాతకం అక్కర్లేదు. లైసెన్స్ వచ్చాక బండి కూడా ఆయనకే ఇచ్చా. మా ప్లాంట్‌లో కలెక్షన్ డబ్బు రూపాయి తేడా లేకుండా తెచ్చేది ఎవరంటే మా బావమరిది కాదు, అది మాత్రం రాస్తా.

గది దొరకడం ఇంకో నరకం. హైదరాబాద్‌లో బ్యాచిలర్ అంటేనే సగం టులెట్ బోర్డులు మొహం తిప్పుకుంటాయి, ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఇంతకుముందు ఎక్కడున్నారు, ఈ మూడో ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు. అబద్ధం చెబితే ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, నిజం చెబితే ఇప్పుడే అయిపోద్ది. చాలామంది బంకువాళ్లు ఒకరికి గది దొరికితే అందులోనే నలుగురు సర్దుకుంటున్నారు. దీంట్లో నాకు వింతగా అనిపించేది ఒకటుంది. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు ఉంది, దాన్ని 2016లో మ్యూజియం చేసి 'ఫీల్ ది జైల్' అని పెట్టారు, 500 కడితే 24 గంటలు ఖైదీ బట్టలేసుకుని, జైలు అన్నం తిని, లోపల ఉండనిచ్చేవాళ్లు. జనం సరదాగా పోయారు, ఫోటోలు పెట్టారు, లైకులు వచ్చాయి. ఒక్క రోజు ఉండొస్తే గొప్పగా చెప్పుకునే చోట పదేళ్లు ఉన్నాడని తెలిస్తే మాత్రం ఇల్లు ఇవ్వం.

ఆడవాళ్ల సంగతి నాకు దగ్గరగా తెలిసింది తక్కువ. చంచల్‌గూడ వైపు ఆడవాళ్లే నడిపే బంకు కూడా ఉంది, మా అక్క స్కూటీకి అక్కడే కొట్టించుకుంటుంది, ఆమె చెప్పిందే చెప్తున్నా. మగాడు జైలు నుంచి వస్తే తిట్టుకుంటూనైనా పెళ్లాం, అమ్మ, ఎవరో ఒకరు తలుపు తీస్తారు, ఆడది వస్తే పుట్టింటివాళ్లు అత్తింటికి పో అంటారు, అత్తింటివాళ్లకి అప్పటికే కొత్త కోడలు ఉంటుంది. తల్లితో పాటు పిల్లల్ని ఆరేళ్లు వచ్చేదాకా జైల్లో ఉంచుకోవచ్చు, 2006లో సుప్రీంకోర్టు దీని మీద రూల్స్ చెప్పింది, అది మన ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఉన్న కేసే. ఆరు దాటాక ఆ పిల్ల హాస్టల్‌కో బంధువులింటికో పోతుంది. అమ్మ బయటికొచ్చేసరికి ఆ పిల్లకి పదహారు, అమ్మ అని పిలవడానికి కూడా నోరు రాదు, పిన్నినే అమ్మ అంటుంది. మా అక్క ఒకామెను 'పిల్లలెంతమంది' అని మామూలుగా అడిగిందంట, ఆమె గన్ పెట్టేసి పక్కకి పోయింది, వేరే ఆమె వచ్చి కొట్టింది. ఆ ప్రశ్న అడక్కండి. అక్కడే కాదు, ఏ జైలు బంకులోనూ.

మనం మర్చిపోయే ఇంకో గుంపు ఉంది. జైలుకి పోయొచ్చిన ప్రతివాడికీ శిక్ష పడిందనుకుంటాం. కేంద్రం 2022 లెక్కల్లో దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణలో ఉన్నవాళ్లే, అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా తీర్పే రాలేదు. వీళ్లకి రిమాండ్‌లో ఆరు నెలలు, ఏడాది పోతుంది, బెయిల్ వచ్చినా షూరిటీ పెట్టే దిక్కులేక లోపలే ఉన్నవాళ్లున్నారు. 2023లో కేంద్రం ఒక స్కీమ్ పెట్టింది, బెయిల్ కోసం మొదట్లో 40,000 దాకా సాయం అన్నారు, అది ఉందని లోపలున్న పేదోడికి ఎవరు చెప్పాలి అనేది ఇంకో ప్రశ్న. బయటికొచ్చాక వీళ్లకి ఈ బంకు లాంటి పని కూడా దొరకదు, శిక్షే పడలేదు కాబట్టి జైళ్ల శాఖ లిస్టులో ఉండరు. వాయిదాకి వాయిదాకి కోర్టుకి పోవాలి, నెలకి రెండు రోజులు సెలవు ఇచ్చే సేఠ్ ఎవడు? పోనీ గల్ఫ్ పోదామంటే, జగిత్యాల, నిజామాబాద్ వైపు కష్టమొస్తే మొదట గుర్తొచ్చేది అదే కదా, కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్ ఉంటే పాస్‌పోర్ట్ ఆపొచ్చని చట్టంలోనే ఉంది, ఇక కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి, దానికి మళ్లీ లాయర్, మళ్లీ ఫీజు. అదే శిక్ష పూర్తయినవాడికైతే, రెండేళ్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే, తీర్పు నుంచి అయిదేళ్లు దాటాక ఆ అడ్డు తొలగుతుంది. నేరం రుజువైనవాడికి ఒక తారీఖు ఉంది, రుజువు కానివాడికి తారీఖే లేదు. కేసు కొట్టేశాక కూడా అరెస్టు నాటి ఫోటో యూట్యూబ్‌లో అట్లాగే ఉంటుంది, కొట్టేసిన వార్త ఏ ఛానలూ వేయదు.

పోలీస్ స్టేషన్ సంగతి రెండు ముక్కలు. ఎలక్షన్లు వస్తున్నాయన్నా, వినాయక నిమజ్జనం అన్నా, పాత కేసులున్నవాళ్లని పిలిచి బైండోవర్ చేస్తారు, నేను గొడవలకి పోను అని పూచీకత్తు రాసివ్వాలి. శాంతిభద్రతలకి అది కావాలని వాళ్లంటారు, కాదనను. కానీ పిలిచేది డ్యూటీ టైంలో, కబురు చెప్పేది పని దగ్గరికొచ్చి. ఓనర్ ముందు కానిస్టేబుల్ నిలబడి పేరు పిలిస్తే ఆ మర్నాడు నుంచి ఆ ఓనర్ చూపు వేరే ఉంటుంది. ఫోన్ చేసి పిలిచినా వస్తారు కదా, నంబర్ వాళ్ల దగ్గరే ఉంది.

ఇప్పుడు ఆ స్టార్ సంగతి. బంకు బాగుంది, పని ఇవ్వడం బాగుంది, జీతం టైంకి వస్తుందని వాళ్లే చెప్పారు, ఎవరూ తక్కువగా చూడరు, ఎందుకంటే పక్కన గన్ పట్టుకున్నవాడు కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. కానీ ఒక్కసారి ఆలోచించండి, జైలు నుంచి బయటికొచ్చినవాడికి ఈ ఊళ్లో ఉద్యోగం ఇచ్చింది ఎవరు, మళ్లీ జైలే. పని చేసేది జైలు గోడ పక్కనే, సూపర్‌వైజర్ జైలు స్టాఫే. పెద్దాయన విడుదలై ఇంతకాలమైనా పొద్దున్నే పోయేది ఆ వీధికే. రేపు ఇంకో చోట పనికి పోయి ఇంతకుముందు ఎక్కడ చేశావ్ అంటే ఈ బంకు పేరు చెప్పగానే అవతలివాడికి అర్థమైపోద్ది, అనుభవం ఉన్నా ఆ అనుభవమే అడ్డం. ఇదే కంపెనీవి ఊరంతా వందల ప్రైవేట్ డీలర్ బంకులు ఉన్నాయి, కుర్రాళ్లు నిలబడట్లేదు, మనుషులు దొరకట్లేదు అని డీలర్లే మొత్తుకుంటుంటారు. ఇక్కడ రెండేళ్లు కొలత తప్పకుండా, క్యాష్ తప్పకుండా పనిచేసినవాడిని అక్కడికి పంపే దారి ఒకటి ఉండాలి, గ్యారంటీ జైళ్ల శాఖ ఇచ్చినా సరే. అప్పుడు ఇక్కడ ఖాళీ అయిన చోటికి కొత్తగా విడుదలైన ఇంకొకడు వస్తాడు. ఇప్పుడైతే వచ్చినవాడు కదలడు, కదలడానికి చోటు లేదు, బయట క్యూలో ఉన్నవాడికి పని లేదు. బంకు సంఖ్య పెంచడం కంటే ఇది ముఖ్యం అని నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆ స్టార్ కోసింది దీనికే, అందులో సగం బంకుది, సగం మన వ్యాపారస్తులది, నాతో కలిపి పదిమంది ఒక్కొక్కరిని తీసుకున్నా ఈ పేరా రాయాల్సిన పని ఉండేది కాదు.

పోయేవాళ్లకి పనికొచ్చే విషయాలు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో పోండి, లైను ఉండదు. గాలి ఫ్రీ, కొట్టే అతను టైర్ వాల్వ్ క్యాప్ మళ్లీ పెట్టేదాకా వదలడు. ట్రాలీ ఆటోలు ఎడమవైపు పంపు దగ్గరికి తీసుకెళ్లండి, కుడివైపు మలుపు ఇరుకు. మంచినీళ్లు ఉంటాయి, టాయిలెట్ శుభ్రంగానే ఉంటుంది. పది ఇరవై టిప్ ఇవ్వబోతే తీసుకోరు, బలవంతం చేయకండి, వాళ్లకే ఇబ్బంది. డ్రైవర్ కావాలనో లోడింగ్‌కి మనిషి కావాలనో ఉంటే షాపు పక్క గదిలో సూపర్‌వైజర్ ఉంటాడు, ఆయన్ని అడగండి, త్వరలో విడుదలయ్యేవాళ్ల గురించి కూడా చెప్తాడు. ఫినాయిల్ అయిదు లీటర్ల క్యాన్ తీసుకుంటే చవక.